సినిమా లేని పాటలకి మార్కులు: ఆరు ఇండీ రికార్డులు, నా లెక్క

సినిమా పాటకి మార్కులు వేయడం తేలిక. పాట అటూ ఇటూగా ఉన్నా హీరో ఉంటాడు, సిట్యుయేషన్ ఉంటుంది, స్టెప్పు ఉంటుంది. ఆడియో వచ్చిన రోజున "ఇదేం పాటరా బాబూ" అనుకున్నది థియేటర్లో చూశాక హమ్ చేసుకుంటూ బయటికి రావడం మనందరికీ అలవాటే. సినిమాతో పని లేకుండా పాడేవాళ్ళే సొంతంగా చేసుకునే ఇండీ ఆల్బమ్‌కి ఆ సదుపాయం లేదు. వెనక కథ లేదు, తెర లేదు, ఆడియో ఫంక్షన్‌లో యాంకర్ ఊదరగొట్టడం లేదు. పాటకి పాటే దిక్కు. అది నిలబడిందా లేదా అన్నది పూర్తిగా చెవి తేల్చాల్సిన విషయం, అందుకే దానికి మార్కులు వేయడం కష్టం, నాకు మాత్రం అందులోనే మజా.

నా పద్ధతి ముందే చెప్పేస్తాను, తిట్టుకునేవాళ్ళు తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. పదికి వేస్తాను, అర మార్కు దాకా ఓకే, అంతకన్నా సన్నగా తరగను. పాటలన్నిటికీ విడివిడిగా వేసి సగటు తీయను, అలా తీస్తే రెండు మంచి పాటలు, మిగతావన్నీ నింపుడు సరుకు ఉన్న ఆల్బమ్ కూడా ఏడు దగ్గర తేలుతుంది. నేను చూసేది మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఫోన్ ముట్టుకోకుండా కూర్చోబెట్టిందా అని. ఇందులోంచి ఒక పాట తీసేస్తే లోటు తెలుస్తుందా అని. పాపం సొంత డబ్బులు పెట్టుకున్నారు కదా అని జాలి మార్కులు వేయను, కష్టపడ్డారని పాసు చేయడానికి ఇదేం పదో తరగతి పరీక్ష కాదు. మరో మాట, ఈ ఆల్బమ్‌లని షఫుల్‌లో వినకండి. నేను వాడిన ఒక స్ట్రీమింగ్ యాప్ ఉచిత ప్లాన్‌లో పాటల వరుస దాని ఇష్టం, మధ్యలో ఏదో లోన్ ప్రకటన, ఆ తర్వాత అడగని పాట. అలా విని "అంత గొప్పగా ఏమీ లేదే" అంటే నేనేం చేయలేను.

దశాంశాల జోలికి ఎందుకు పోనో కూడా చెప్పాలి. ఇండీ సంగీతానికి మార్కులు అనగానే గుర్తొచ్చేది పిచ్‌ఫర్క్ అనే ఆన్‌లైన్ సంగీత పత్రిక. ర్యాన్ ష్రైబర్ 1996లో అమెరికాలోని మినియాపొలిస్ దగ్గర మొదలుపెట్టింది, 0.0 నుంచి 10.0 వరకు పాయింట్లలో మార్కులు. 2004లో ఆర్కేడ్ ఫైర్ మొదటి ఆల్బమ్ 'ఫ్యూనరల్'కి 9.7 ఇస్తే ఆ మాంట్రియల్ బ్యాండ్ దశ తిరిగిపోయింది. అదే ఏడాది గాయకుడు ట్రావిస్ మారిసన్ ఆల్బమ్ 'ట్రావిస్టాన్'కి 0.0 ఇస్తే కొన్ని షాపులు ఆ రికార్డు పెట్టుకోవడానికే వెనకాడాయి. అప్పటికి ఏడాది ముందు గాయని లిజ్ ఫేర్ రికార్డుకి కూడా అలాగే సున్నా చుట్టారు, 2021లో పాత మార్కులు కొన్ని తిరగేసినప్పుడు అదే రికార్డుకి 6.0 ఇచ్చారు. సున్నా నుంచి ఆరు! రీవాల్యుయేషన్‌లో ఇన్ని మార్కులు కలిస్తే మన యూనివర్సిటీల్లో అయితే ఎంక్వైరీ కమిటీ వేసేవాళ్ళు. 2024లో ఆ పత్రికనే తీసుకెళ్ళి జీక్యూ అనే మగవాళ్ళ ఫ్యాషన్ పత్రికలో కలిపేశారు. 9.7కి 9.6కి తేడా చెప్పగలిగే చెవి ఎవరికైనా ఉంటుందంటే నేను నమ్మను.

సరే, విషయానికి. అన్నీ మన దేశంలోవే తీసుకున్నాను, మార్కులు విడి పాటలకి కాదు, మొత్తం ఆల్బమ్‌కి.

ముందుగా ఇండియన్ ఓషన్ బ్యాండ్ 'కందీసా', 2000. టైమ్స్ మ్యూజిక్ లాంటి పెద్ద కంపెనీ వేసింది కదా, ఇండీ ఎలా అవుతుందని అడిగేవాళ్ళుంటారు. కంపెనీ ఎవరిదన్నది నాకు రెండో ప్రశ్న. ఏం పాడాలి, ఎంతసేపు పాడాలి, ఏ భాషలో పాడాలి అనేది ఎవరు తేల్చారు అన్నది మొదటిది. ఢిల్లీలో 1990లో మొదలైన బ్యాండ్ ఇది. ఈ రికార్డులో గిటార్ సుస్మిత్ సేన్, తబలా, గాత్రం ఆశీమ్ చక్రవర్తి, బేస్ గిటార్ రాహుల్ రామ్, డ్రమ్స్ అమిత్ కిలామ్. ఈ ఆల్బమ్‌లో ఉన్నవి ఏడే పాటలు. టైటిల్ పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, భాష ఏసుక్రీస్తు మాట్లాడిన అరమాయిక్ కుటుంబంలోది. 'మా రేవా' నర్మదా నది ఒడ్డు జానపదం. 'హిల్లే లే' గోరఖ్ పాండే రాసిన భోజ్‌పురి కవిత, ప్రపంచాన్ని కుదిపేస్తున్న జనం పాట. ఈ మూడూ ఒకే ఆల్బమ్‌లో పెడతామని ఏ ప్రొడ్యూసర్ దగ్గరికైనా వెళ్ళి చెప్పండి, టీ ఇచ్చి పంపిస్తాడు.

'మా రేవా' ఎక్కడో ఏరుకొచ్చిన పాట కాదు. రాహుల్ రామ్ అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషపదార్థాల మీద పీహెచ్‌డీ చేసొచ్చి, నర్మదా బచావో ఆందోళనలో కొన్నేళ్ళు తిరిగిన మనిషి. డ్యామ్ కింద ఊళ్ళు మునుగుతుంటే ఆ నది పాట బేస్ గిటార్‌తో పాడడం వేరు, స్టూడియోలో కూర్చుని ఫోక్ ఫ్యూజన్ చేద్దామనుకోవడం వేరు. అయినా పాటలో ఏడుపు లేదు, ఉపన్యాసం అసలే లేదు. నది నీళ్ళని పొగడడమే, అంతే. మిగతాది వినేవాడికి వదిలేశారు.

ఆ పాటలో ఒక వాయిద్యం వినిపిస్తుంది, గబ్‌గుబి. బెంగాల్ బావుల్ గాయకులది, అమిత్ కిలామ్ వాయిస్తాడు. మన దగ్గర బైండ్ల వాళ్ళ జమిడిక తెలిసిన వాళ్ళకి, ఉత్తరాంధ్ర జముకుల పాట విన్న వాళ్ళకి ఆ చప్పుడు పరిచయం చేయక్కర్లేదు. చర్మం బిగించిన గిన్నె లాంటిది చంకలో పెట్టుకుని, అందులోంచి వచ్చే తీగని ఒక చేత్తో లాగుతూ వదులుతూ ఇంకో చేత్తో మీటడం, లాగిన కొద్దీ స్వరం పైకి ఎగబాకుతుంది, వదిలితే జారుతుంది. తాళమూ అదే, స్వరమూ అదే. ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఆ తీగ సాగడం వేళ్ళ కింద తెలుస్తుంది. దాని పక్కన బేస్ గిటార్ వచ్చి నిలబడితే ఎలక్ట్రిక్ వాయిద్యం మీద జానపదం రుద్దినట్టు ఉండదు, రెండూ ఒకే పని చేస్తున్న మనుషుల్లా ఉంటాయి. మన జమిడికని ఇంత ధైర్యంగా ముందు కూర్చోబెట్టిన రికార్డు తెలుగులో నేను వినలేదు. సినిమాల్లో జానపద వాయిద్యం వస్తుంది, హీరో జాతరలో డాన్స్ చేసేటప్పుడు, నిమిషంన్నర.

ఇక టైటిల్ పాట. చిన్నగా, గుడిలో మాట్లాడే గొంతుతో మొదలై, ఎక్కడ పెరిగిందో తెలియకుండా పెరుగుతుంది. మామూలుగా రాక్ బ్యాండ్ చేసే పని ఏంటంటే మూడో నిమిషంలో డ్రమ్స్ దించేసి, గిటార్ గరగరలాడేలా డిస్టార్షన్ వేసి అరవడం. వీళ్ళు ఆగుతారు. ఆగి, ఇంకా ఆగి, సుస్మిత్ సేన్ గిటార్ ఒకే చిన్న స్వరాల ముక్కని కాస్త కాస్త మార్చుతూ పోతుంటే, వినేవాడు ముందుకి వంగి కూర్చుంటాడు. భాష ఒక్క ముక్క అర్థం కాదు. అయినా అది దేవుడితో మాట్లాడుతున్న పాట అని తెలియడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడిలో వినిపించినా, దర్గా బయట వినిపించినా ఎవరూ తల తిప్పి ఇదేంటని అడగరు.

ఆశీమ్ చక్రవర్తి గురించి చెప్పకపోతే పాపం. తబలా వాయిస్తూ పాడడం అనేది విన్నంత తేలిక కాదు, చేతులు ఒక లెక్కలో, గొంతు ఇంకో లెక్కలో పోవాలి. ఆయన గొంతు నున్నగా ఉండదు, కాస్త గరుకు, పైకి వెళ్ళినప్పుడు చిరిగినట్టు ఉంటుంది, ఆ చిరుగే నాకు ఇష్టం. ఇప్పటి రికార్డింగుల్లో పిచ్ కరెక్షన్ పెట్టి ఇస్త్రీ చేసిన గొంతులు విని విని ఈ గొంతు వింటే ఒక మనిషి గదిలోకి వచ్చినట్టు ఉంటుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 'ఖజురహో' నాకు పొడుగెక్కువ. నాలుగు వాయిద్యాలూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పోవడం బాగానే ఉంటుంది గానీ స్టేజి మీద చూస్తే ఎక్కే పాట, రికార్డులో కొంత అలసట. రికార్డింగ్ కూడా ఇప్పటి చెవులకి కాస్త పల్చగా వినిపిస్తుంది, డ్రమ్స్ వెనక గదిలో ఉన్నట్టు. ఇవన్నీ పోను తొమ్మిది. ఆ మిగిలిన ఒకటి కూడా 'ఖజురహో' మీద కోపంతో తీసిందే.

ఇదే బ్యాండ్‌ది ఇంకో రికార్డు, '16/330 ఖజూర్ రోడ్', 2010. ఆ పేరు ఒక అడ్రస్. ఢిల్లీ కరోల్ బాగ్‌లో 1997 నుంచి వీళ్ళు ప్రాక్టీసు చేసుకున్న పాత బంగళాది. 2009 డిసెంబర్ 25న ఆశీమ్ చనిపోయాడు. ఈ పాటల్లో ఆయన గొంతు ఉంది, అంతకుముందే రికార్డు చేసింది. ఇది తెలిసి వింటే మార్కులు ఎలా వేస్తారండీ, నాకైతే చెయ్యి రాలేదు చాలాకాలం. పైగా దీన్ని అమ్మలేదు. నెలకి ఒక పాట చొప్పున ఏడు పాటలు ఉచితంగా తమ వెబ్‌సైట్‌లో పెట్టారు, కావలసినవాళ్ళు దించుకోవచ్చు. కంపెనీలతో రాయల్టీల గొడవ మనకెందుకు, కచేరీలతో బతుకుదాం, పాట జనంలోకి పోతే చాలు అన్న ధోరణి. ఇప్పుడు అందరూ చేస్తున్నదే, అప్పట్లో ఈ స్థాయి బ్యాండ్ చేయడం మాత్రం పెద్ద విషయం.

కానీ నెలకొక పాట అన్న పద్ధతే ఆల్బమ్‌ని కొంత దెబ్బతీసింది. ఏడు పాటలూ ఏడు వేర్వేరు రోజుల కోసం తయారైనట్టు ఉంటాయి, ప్రతి పాటా "ఈ నెల నేనే" అన్నట్టు నిటారుగా నిలబడుతుంది, పక్క పాటకి చోటివ్వదు. 'చాంద్' అందమైన పాట, రాత్రి లైట్లు తీసేసి వినదగినది. 'డర్తే హో' ఉర్దూ కవి ఎన్.ఎం. రాషిద్ కవిత, జీవితానికి భయపడుతున్నావా అని నిలదీస్తుంది, అందులో ఆ కవిత వేడి పూర్తిగా దిగింది. మధ్యలో ఒకట్రెండు పాటలు మాత్రం ఇండియన్ ఓషన్ పాటలు ఎలా ఉండాలో ఇండియన్ ఓషన్‌కే తెలిసిపోయినట్టు ఉంటాయి. ఏడున్నర. ఆశీమ్ కోసం అర మార్కు కలపమని మనసు పీకుతోంది, జాలి మార్కులు వద్దని పైన రాసుకున్నాను కాబట్టి కలపను.

తర్వాత అగం. తెలుగువాళ్ళు ఈ బ్యాండ్ గురించి పట్టించుకోవాల్సినంత పట్టించుకోలేదని నా ఫిర్యాదు. బెంగళూరు బ్యాండ్, 2003లో మొదలైంది. హరీశ్ శివరామకృష్ణన్ పాడతాడు, వయొలిన్ వాయిస్తాడు. ఇతను చాలాకాలం టెక్ కంపెనీల్లో డిజైన్ ఉద్యోగం చేస్తూనే ఇదంతా చేశాడు. 2007లో సన్ టీవీలో ఏ.ఆర్. రెహమాన్ నడిపిన బ్యాండ్ల పోటీలో గెలిచారు. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో, అంటే పొడుగ్గా చిక్కుగా అల్లే రాక్‌తో, కలపడం వీళ్ళ పని. ఫ్యూజన్ అన్న మాట వినగానే నాకు భయం, ఎందుకంటే మనకి తెలిసిన ఫ్యూజన్ అంటే ఒక కృతి పల్లవి, దాని కింద డ్రమ్ లూప్, మధ్యలో ఒక వేణువు, అయిపోయింది. అగం అలా చేయదు. రాగాన్ని పట్టుకుని గిటార్ రిఫ్‌ని, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కని, ఆ రాగంలోంచే తీస్తారు, అందుకే రెండూ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకోవు.

మొదటి ఆల్బమ్ 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్', 2012. ఇందులో 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అంటే మన త్యాగయ్య 'బంటురీతి కొలు', హంసనాదం రాగం. కొలువు ఇవ్వవయ్యా రామా, బంటులా నిలబడతాను అంటాడు కదా, కృతిలో కవచం ఉంది, బిళ్ళ ఉంది, కత్తి ఉంది, ఒక సైనికుడి సామగ్రి మొత్తం ఉంది. రోమాంచమే గట్టి కవచం, రామభక్తుడన్న ముద్రే బిళ్ళ, రామనామమే కత్తి. కచేరీల్లో ఈ కృతిని ఎంత మెత్తగా పాడతారంటే అందులో సైనికుడున్నాడని నాకు ఈ రికార్డు విన్నాకే తట్టింది. గిటార్ బరువుగా దిగేసరికి ఆ కవచం చప్పుడు చేసింది. ఇది రాక్ పెట్టారు కాబట్టి గొప్ప అని నేననడం లేదు, ఆ సాహిత్యంలో ఉన్న దాన్నే పైకి తీశారు కాబట్టి అంటున్నాను.

ఇప్పుడు ఫిర్యాదు. తెలుగు చెవికి కొన్ని చోట్ల మాట మింగుడు పడదు. గిటార్లు, కీబోర్డు, డ్రమ్స్ అన్నీ ఒకేసారి పైకి లేచినప్పుడు హల్లులు మునిగిపోయి అచ్చులు మాత్రం తేలుతుంటాయి. భాష తెలియనివాళ్ళకి ఇది సమస్య కాదు, రాగం అందుతుంది, చాలు. మనకి మాత్రం త్యాగయ్య మాట వినిపించకపోతే సగం భోజనం విస్తరిలోనే ఉండిపోయినట్టు. ఇది పాడేవాడి తప్పు కన్నా మిక్సింగ్ తప్పు అనిపిస్తుంది నాకు. ఆల్బమ్‌లో మిగతావి, 'ధనశ్రీ తిల్లానా' స్వాతి తిరునాళ్‌ది, పరుగు అంటే ఏంటో చూపిస్తుంది, 'బోట్ సాంగ్'లో కేరళ పడవ పాటల ఊపు ఉంది. 'మల్హార్ జామ్' వాన రోజున ఒకసారి వింటే ఆ రోజంతా అదే. కానీ ప్రతి పాటా క్లైమాక్స్ కోసం ఆరాటపడుతుంది, అన్ని క్లైమాక్స్‌లు వరుసగా వింటే చెవి విశ్రాంతి అడుగుతుంది. ఏడు.

రెండో ఆల్బమ్ 'ఎ డ్రీమ్ టు రిమెంబర్', 2017. ఇందులో 'మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్' మన 'మనవ్యాలకించరాదటే', నళినకాంతి రాగం. ఇక్కడికి వచ్చేసరికి వీళ్ళు ఆగడం నేర్చుకున్నారు. మొదటి ఆల్బమ్‌లో ఖాళీ కనిపిస్తే ఏదో ఒక వాయిద్యం పెట్టేవాళ్ళు, ఇందులో ఖాళీని ఖాళీగా వదిలారు. నా మనవి వినకూడదా అని అడిగే పాటలో ఆ ఖాళీ ఎంత అవసరమో చూడండి, అడిగినవాడు జవాబు కోసం ఆగాలి కదా. తర్వాత గిటార్ పైకి లేచినప్పుడు అది ఆర్భాటంలా కాకుండా అడిగి అడిగి విసిగిన మనిషి గొంతు పెంచినట్టు ఉంటుంది. ఇదే పాట నేను ఒక శాస్త్రీయ సంగీతం టీచర్‌కి వినిపించాను. మొదటి నిమిషం మొహం చిట్లించుకున్నారు, తర్వాత వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టారు, చివర్లో "వాయిద్యాలు కొంచెం తగ్గిస్తే బాగుండేది నాయనా, శ్రుతి మాత్రం కదల్లేదు" అన్నారు. ఆవిడ నోట అది పెద్ద సర్టిఫికెట్టే. ఎనిమిదిన్నర. త్యాగయ్యని ఇంట్లో పెట్టుకున్న మనం చేయాల్సిన పని మలయాళీలు, తమిళులు కలిసి బెంగళూరులో చేశారు, ఆ ఉక్రోషం కూడా కొంచెం ఉంది లెండి ఈ మార్కుల్లో.

ప్రతీక్ కుహాడ్ 'కోల్డ్/మెస్', 2018. ఇది పూర్తి ఆల్బమ్ కాదు, ఆరు పాటల ఈపీ, అంటే పొట్టి ఆల్బమ్. జైపూర్ కుర్రాడు, న్యూయార్క్‌లో చదువుకుని వచ్చాడు, ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాస్తాడు. టైటిల్ పాట ఒబామా 2019లో తనకి నచ్చిన పాటల లిస్టులో పెట్టాడు, ఆ తర్వాత తెలిసిందే, అమెరికా కంపెనీ ఎలెక్ట్రా రికార్డ్స్ వాళ్ళు సంతకం చేయించుకున్నారు. హైటెక్ సిటీలో ఏ కాఫీ షాపులో కూర్చున్నా ఈ పాట వినిపించకుండా బయటపడడం కష్టం అన్న రోజులున్నాయి. పాట మంచిదే. విడిపోతూ విడిపోలేకపోతున్న ఇద్దరి గురించి, పెద్ద మాటలు లేకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. మిగతా ఐదూ అదే గదిలో, అదే మంచం మీద, అదే గిటార్‌తో ఉంటాయి. నాకు ఈ రికార్డుతో పేచీ అక్కడే. ఒక్క మూడ్‌ని ఇరవై చిల్లర నిమిషాలు సాగదీయడం ఈపీ కాబట్టి చెల్లింది. బ్రేకప్ అయినవాళ్ళు ఇంకో రెండు మార్కులు కలుపుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆరు.

పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 'బిస్మిల్లా', 2019. పేరు చూసి కంపెనీ అనుకోకండి, ఢిల్లీ బ్యాండ్, సూర్యకాంత్ సాహ్ని గాయకుడు. ప్యారిస్‌కి చెందిన పనాష్ పరేడ్ అనే చిన్న లేబుల్ వేసింది. దీన్ని వర్ణించడం కష్టం. పాత ఇంగ్లీషు క్లబ్ పాటల గొంతు, పెళ్ళి బ్యాండు ట్రంపెట్లు, డిస్కో, వాల్ట్జ్, వీటన్నిటినీ ఎవరో అర్ధరాత్రి రెండింటికి ఖాళీ ఫంక్షన్ హాల్లో కూర్చుని కలిపినట్టు. 'వేర్ ద మనీ ఫ్లోస్' అని డబ్బు గురించి వెటకారంతో మొదలుపెడతారు. 'ఫ్లోటెడ్ బై' వినండి. ఓడిపోయిన మనిషి పాడుతున్నాడు, వెనక ట్రంపెట్లు మాత్రం బారాత్ వెళ్తున్నట్టు మోగుతుంటాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకపోవడంలోనే పాట రుచి. 'మెమరీ బాక్స్' ఎనిమిది నిమిషాల పైన సాగే డిస్కో, సగంలోకి వచ్చేసరికి కాలు ఆడుతుంటుంది, చివరికి వచ్చేసరికి ఎందుకో గొంతు పట్టేస్తుంది, డాన్సు పాటకి ఇదేం పని అనిపిస్తుంది.

ఈ ఆరింటిలో ఫోన్ ముట్టుకోనివ్వని ఆల్బమ్ అంటే నాకు ఇదే. పాటల మధ్య జాయింట్లు వినండి, ఒక పాట వదిలిన చోట ఇంకోటి అందుకుంటుంది, మూడ్ మారుతుంది గానీ గది మారదు. పాడేవాడి ఇంగ్లీషు ఏ దేశానిది అని తేల్చుకోలేకపోవడం కొందరికి చికాకు, నా ఫ్రెండొకడు "వీడు ఎవడిలా నటిస్తున్నాడు" అని మొదటి పాటకే తీసేశాడు. నాకు ఆ నటన పాటలో భాగంగానే వినిపించింది, పాడుతున్నది ఒక పాత్ర అనుకుంటే సరిపోతుంది. ఎనిమిదిన్నర. డబ్బులిచ్చి కొనుక్కోవాలనుకుంటే వీళ్ళ పాటలు బ్యాండ్‌ల దగ్గర నేరుగా కొనుక్కునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో ఉన్నాయి. అక్కడ డిజిటల్ అమ్మకాల మీద సైటు వాళ్ళు తీసుకునేది 15 శాతం, అది, పేమెంట్ ఖర్చులు పోను మిగతాది బ్యాండ్‌కి. స్ట్రీమింగ్‌లో వెయ్యిసార్లు తిప్పి తిప్పి విన్నా ఒక ఆల్బమ్ ధర వాళ్ళ చేతికి చేరదు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు సైటు తన వాటా కూడా వదులుకుంటోంది, కొనేదేదో ఆ రోజు చూసి కొంటే ఇంకా మేలు.

ఆరు రికార్డుల్లో ఒక్కటీ తెలుగుది లేదేంటి అంటారా. వెతికాను. సింగిల్స్ ఉన్నాయి, బోలెడు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ 'ఊరెళ్ళిపోతా మామా' ఎంత మంచి పాట, నగరంలో ఇరుక్కున్న ప్రతివాడి చేతా పాడించింది. కరోనా రోజుల్లో వాళ్ళదే 'చేతులెత్తి మొక్కుతా' అని పోలీసుల నుంచి పిల్లల దాకా అందరి ఫోన్లలో తిరిగింది. అందులో పాడిన రామ్ మిర్యాల తర్వాత సినిమాల్లోకి వెళ్ళి 'చిట్టి' పాడాడు, 'డీజే టిల్లు' పాటతో ఊపేశాడు. రాహుల్ సిప్లిగంజ్ కూడా సొంత వీడియో పాటలతో పేరు తెచ్చుకున్నవాడే, ఆ గొంతు ఆస్కార్ స్టేజి దాకా వెళ్ళింది. సంతోషమే, వాళ్ళ బతుకు వాళ్ళు బాగుచేసుకుంటే మనకేంటి బాధ. కానీ వరుస చూడండి: యూట్యూబ్‌లో ఒక సింగిల్, దానికి వ్యూస్, వ్యూస్ చూసి సినిమా ఆఫర్, అక్కడితో సొంత పాటలు వెనక్కి. ఆల్బమ్ అన్న ఆలోచన వచ్చే టైమే ఉండదు. సింగిల్ మన దగ్గర విజిటింగ్ కార్డు అయిపోయింది.

అలాగని మనకి సినిమా బయట పాట లేదనుకుంటే పొరపాటు. ఇండీ అన్న మాట ఎవరూ వినని రోజుల్లోనే గద్దర్ క్యాసెట్లు ఊరూరా తిరిగాయి, ఏ కంపెనీ అనుమతీ అడగలేదు. రేడియోలో లలిత గీతాలు ఉండేవి. గాయని స్మిత పాప్ ఆల్బమ్‌లు వచ్చాయి, అందులో జనం ఎగబడి విన్నది ఏది? 'మసక మసక చీకటిలో' రీమిక్స్. 1973 నాటి సినిమా పాట! మనం ఆల్బమ్ కొన్నా అందులో సినిమానే వెతుక్కుంటాం. చేసేవాళ్ళని ఒక్కళ్ళనే అని లాభం లేదు.

నాకు అనుమానం ఏంటంటే సరుకు లేక కాదు. జమిడిక ఉంది, ఒగ్గు డోలు ఉంది, త్యాగయ్య, అన్నమయ్య, వేమన ఉన్నారు, ఈ రోజు బస్తీల్లో ర్యాప్ రాసే పిల్లలున్నారు, వాళ్ళలో కొందరి యాస, లెక్క వింటే మతిపోతుంది. లేనిది ఎనిమిది పాటలు ఒక చోట పేర్చి, వ్యూస్ రాకపోయినా పర్లేదు అని ఒక ఏడాది ఓపిక పట్టగలిగే పరిస్థితి. కాలేజీ ఫెస్ట్‌లకి పిలిస్తే సినిమా పాటలే పాడమని అడుగుతారు, పబ్బుల్లోనూ అంతే, సొంత పాట మొదలుపెట్టగానే ముందు వరస వాళ్ళు ఫోన్లు తీస్తారు, వీడియో తీయడానికి కాదు.

పీటర్ క్యాట్ వాళ్ళది 2024లో ఇంకో ఆల్బమ్ వచ్చింది, 'బీటా'. ఇంకా వింటున్నాను, మార్కులు తర్వాత. ఈలోగా తెలుగులో పూర్తి ఆల్బమ్ ఏదైనా మీ దృష్టిలో ఉంటే చెప్పండి, కనీసం ఆరు పాటలు ఉండాలి, అన్నీ సొంతవై ఉండాలి, త్యాగయ్య కృతి పెట్టుకుంటే ఓకే, సినిమా రీమిక్స్ మాత్రం ఒక్కటి కూడా వద్దు. మీ అన్నదో తమ్ముడిదో అయితే ముందే చెప్పేయండి, మార్కులు ఏం పెరగవు గానీ తిట్టేటప్పుడు కాస్త మర్యాదగా తిడతాను.